యోగా క్లాసులో స్టూడెంట్స్‌ని చేత్తో పట్టుకుని సరిచేయాలా వద్దా? నేర్పేవాళ్ళూ నేర్చుకునేవాళ్ళూ ఇద్దరూ చెప్పండి

పటమట_టీచర్ (విజయవాడ)

నమస్తే అందరికీ. పటమటలో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో పొద్దున లేడీస్ బ్యాచ్, సాయంత్రం అందరూ కలిసిన బ్యాచ్ చెప్తున్నా. ట్రైనింగ్‌లో మాకు ఒక్కో ఆసనానికి చెయ్యి ఎక్కడ పెట్టాలి, ఎటు తొయ్యాలి అని బొమ్మలేసి మరీ నేర్పారు, అక్కడ మేమూ మేమూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ప్రాక్టీస్ చేశాం కాబట్టి ఏమీ అనిపించలా. ఇక్కడ సంగతి వేరు. కొంతమంది "మేడం కొంచెం వీపు మీద నొక్కండి, ఇంకాస్త వంగుతా" అని వాళ్ళే అడుగుతారు, ఆ పక్క మ్యాట్ ఆవిడేమో భుజానికి వేలు తగిల్తే చాలు మొత్తం బిగుసుకుపోతుంది. పోనీ ఎవర్నీ ముట్టుకోకుండా ఉందామంటే అదింకో గొడవ, "ఫీజు తీసుకుని ముందు నిలబడి చెప్పేసి పోతుంది, దానికి యూట్యూబ్ చాలదా" అని గ్రూపులో మెసేజులు. మీరంతా ఏం చేస్తున్నారు? మగ టీచర్లు కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

సత్యనారాయణపురం_మాస్టారు (విజయవాడ)

అమ్మా, ఇది గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే విద్య. నోటితో ఎంత చెప్పినా వీపుకి వినపడదు. త్రికోణాసనంలో తుంటి వెనక్కి పోతోంది సరిచెయ్యండి అంటే వాళ్ళ తుంటి ఎక్కడుందో వాళ్ళకే తెలీదు, ఒక్కసారి చెయ్యి ఆనిస్తే తెలిసిపోద్ది. 1930ల్లో మైసూరు ప్యాలెస్ యోగశాలలో కృష్ణమాచార్యులవారు నేర్పింది అట్లాగే, ఆయన శిష్యులు అయ్యంగార్ గారు, పట్టాభి జోయిస్ గారు దేశదేశాలు తిరిగి నేర్పిందీ అట్లాగే. ఈ పర్మిషన్ల గోల బయటనుంచి దిగుమతి అయింది. తల్లి బిడ్డని సరిగ్గా కూర్చోబెట్టడానికి పర్మిషన్ అడుగుద్దా?

కొరిటెపాడు_కుర్రోడు (గుంటూరు)

బిడ్డ ఫీజు కట్టదు కదా మాస్టారూ 😄

బ్రాడీపేట_ఫిజియో (గుంటూరు)

మాస్టారి మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నా. ప్యాలెస్ యోగశాలలో నేర్చుకున్నవాళ్ళు ఎక్కువగా కుర్రాళ్ళు, రోజూ గంటలు గంటలు సాధన చేసినవాళ్ళు. పటమట హాలుకి వచ్చేది యాభై దాటిన ఆడవాళ్ళు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లలు. అదే చెయ్యి అంతే బలంగా వేస్తే అదే ఫలితం ఎట్టా వస్తదండీ?

నా దగ్గరికి వచ్చే యోగా దెబ్బల్లో మాటిమాటికీ చూసేది ఏంటంటే పశ్చిమోత్తానాసనంలో (కాళ్ళు చాపి కూర్చుని ముందుకు వంగేది) వెనక నుంచి వీపు మీద నొక్కడం. తొడ వెనక కండరాలు (హ్యామ్‌స్ట్రింగ్స్) మనం కూర్చునే ఎముక దగ్గర అతుక్కుని ఉంటాయి. మనిషి అప్పటికే తను వంగగలిగిన చివరికి వచ్చేశాడు, ఇంక కటి తిరగదు, ఆ టైములో పైనుంచి బరువేస్తే ఆ బలం రెండే చోట్లకి పోతుంది, ఒకటి ఆ ఎముక దగ్గరున్న స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది), రెండోది నడుం డిస్కులు. అక్కడ స్నాయువు దెబ్బతింటే బండి మీద కూర్చోవాలన్నా నొప్పే, నెలలకి నెలలు పడుతుంది, పైగా పట్టేసిందని మళ్ళీ మళ్ళీ స్ట్రెచ్ చేసి ఇంకా పెద్దది చేసుకుంటారు.

ఇంకోటి ఎముకలు పలచబడ్డ ఆడవాళ్ళు. 1984లో మేయో క్లినిక్ వాళ్ళు ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళని గ్రూపులుగా చేసి చూశారు, వెనక్కి వంచే వ్యాయామాలు చేసినవాళ్ళలో 16 శాతం మందికి వెన్నుపూసల్లో కొత్తగా నొక్కుడు వస్తే, ముందుకు వంచేవి చేసినవాళ్ళలో 89 శాతం మందికి వచ్చింది. మొత్తం 59 మందే, చిన్న స్టడీ, అంకెని పట్టుకుని భయపడక్కర్లేదు. కానీ ముందుకు వంగితేనే అంత తేడా ఉన్న మనిషిని, వంగాక మనం మీద నొక్కడం ఎందుకు? మీ లేడీస్ బ్యాచ్‌లో ఎవరికి ఎముకలు ఎలా ఉన్నాయో మీకు తెలుసా? చాలామందికి వాళ్ళకే తెలీదు.

భవానీపురం_అత్తయ్య (విజయవాడ)

ఏమో బాబూ నాకైతే టీచర్ నొక్కితేనే హాయిగా ఉంటది. నేనంతట నేను చేస్తే చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోతాయి, ఆ అమ్మాయి నొక్కితే బొటనవేలు అందుద్ది. ఇంట్లో మా ఆయనకి చూపించి గొప్ప చెప్పుకున్నా కూడా.

బ్రాడీపేట_ఫిజియో (గుంటూరు)

అత్తయ్యగారూ అందింది నిజమే, ఇంటికెళ్ళి ఒంటరిగా చేసినప్పుడు మళ్ళీ అందిందా? అందలేదంటే ఒంట్లో ఏం మారలేదన్నమాట, వేరేవాళ్ళ బరువుతో ఆ కాసేపు అక్కడికి వెళ్ళొచ్చారంతే. సాగే గుణం చాలావరకు నరాలు ఎంత దూరం ఒప్పుకుంటాయి అన్నదాని మీద ఉంటది, మెల్లగా మీ అంతట మీరే వెళ్తుంటే అవి ఒప్పుకోవడం నేర్చుకుంటాయి. బయటనుంచి ఒక్కసారి తోస్తే కండరం తనని తాను కాపాడుకోడానికి బిగుసుకుంటుంది. దిండు మడిచి దాని మీద కూర్చుని, చున్నీ పాదాలకి వేసి రెండు కొసలు పట్టుకుని వీపు నిటారుగా పెట్టి వంగండి. బొటనవేలు సంగతి నిదానంగా చూద్దాం.

భవానీపురం_అత్తయ్య (విజయవాడ)

ఒంటరిగా అందలేదులే. నువ్వెట్టా కనిపెట్టావ్.

లబ్బీపేట_కాలవగట్టు (విజయవాడ)

నేను నేర్చుకునేదాన్నే, టీచర్ని కాదు. ఊళ్ళోనే ఒక సెంటర్‌కి వెళ్ళేదాన్ని, పేరు వద్దు. శవాసనంలో కళ్ళు మూసుకుని పడుకున్నప్పుడు సార్ వచ్చి మెడ పట్టుకుని సరిచేసేవారు, భుజాలు కిందకి నొక్కేవారు, ఒక్కోసారి నడుం దగ్గర చెయ్యి పెట్టి "వదిలెయ్, వదిలెయ్" అనేవారు. ఆయన ఉద్దేశం చెడ్డదా మంచిదా నాకు ఇప్పటికీ తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. కానీ ఆ తర్వాత నుంచి క్లాసంతా ఆయన అడుగుల చప్పుడు ఎటు పోతోందా అనే నా ధ్యాసంతా. రిలాక్స్ అవ్వడానికి డబ్బులు కట్టి వెళ్ళి, కళ్ళు మూసుకోడానికి భయపడ్డం. చివరికి ఆఫీస్ టైమింగ్ మారిందని చెప్పి మానేశా. ఆయనకి నేనెందుకు మానేశానో తెలిసే ఛాన్సే లేదు, ఇప్పటికీ బాగా నేర్పుతున్నా అనుకుంటూ ఉంటారు. మాస్టారూ మిమ్మల్ని అనట్లేదు, కానీ మీ క్లాసులో కూడా "టైమింగ్ మారింది" అని చెప్పి మానేసినవాళ్ళు ఉండే ఉంటారు కదా.

మంగళగిరి_మ్యాట్

పైన మాస్టారు పట్టాభి జోయిస్ గారి పేరు ఎత్తారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. ఆయన 2009లో పోయారు. ఆ తర్వాత, ముఖ్యంగా 2017 చివర్లో మీటూ వచ్చాక, ఆయన దగ్గర నేర్చుకున్న చాలామంది ఆడవాళ్ళు అడ్జస్ట్‌మెంట్ (చేత్తో సరిచేయడం) పేరుతో తమని తాకరాని చోట తాకారని బహిరంగంగా చెప్పారు. 2019లో ఆయన మనవడు శరత్ జోయిస్ కూడా దాని మీద బాధపడుతూ పబ్లిక్‌గా రాశారు. అంటే పర్మిషన్ గోల గాల్లోంచి ఊడిపడలేదు, మైసూరులో జరిగిందని వాళ్ళు చెప్పినదాన్నుంచే వచ్చింది. అందుకే ఆయన నేర్పిన అష్టాంగ పద్ధతి టీచర్లే చాలామంది ఇప్పుడు అడిగి చెయ్యి వేస్తున్నారు, కొందరు పూర్తిగా మానేశారు.

అయ్యంగార్ గారి విషయంలో ఇంకో మాట. ఆయన చెయ్యి కటువే, అందరికీ తెలుసు. కానీ బెల్టు, చెక్క ఇటుక, కుర్చీ, గోడకి కట్టిన తాళ్ళు, ఇవన్నీ యోగా క్లాసులోకి ఇంతగా వచ్చింది ఆయన వల్లే. చెయ్యి చేసే పని చాలావరకు వస్తువుతో చేయించొచ్చని చూపించిందీ ఆయనే కదండీ, ఆ సగం మాత్రం మనం మర్చిపోతాం.

సత్యనారాయణపురం_మాస్టారు (విజయవాడ)

లబ్బీపేట అమ్మాయి రాసింది రెండుసార్లు చదివాను. శవాసనంలో ముట్టుకోవడం నేనూ ఒప్పుకోను, అక్కడ సరిచేయడానికి ఏముంటుంది? కానీ ఒకడు చెడ్డవాడని చేతులన్నీ కట్టేసుకోమంటే విద్య సగం పోద్ది. శీర్షాసనం నేర్పేటప్పుడు కాళ్ళు పట్టుకోకుండా ఎట్లా నేర్పుతారు చెప్పండి.

అరండల్‌పేట_ఆరింటిబ్యాచ్ (గుంటూరు)

మగ టీచర్లు చెప్పండి అన్నారుగా, నేను చెప్తా. మాస్టారి శీర్షాసనం ప్రశ్న దగ్గర్నుంచే మొదలెడతా. కాళ్ళు పట్టుకుంటే ఏమవుద్దంటే మనిషి భుజాలతో నేలని తొయ్యడం మానేసి బరువంతా మెడ మీద వదిలేస్తాడు, ఎందుకంటే పైన ఎవరో పట్టుకున్నారు కదా. మనం పట్టుకున్నంతసేపూ ఆ సంగతి కనపడదు, వదిలిన రోజు కూలుతాడు. అందుకని నేను ఎవర్నీ పైకి ఎత్తను. ముంజేతులు నేలకి నొక్కి, తల నేలకి ఆనకుండా కాసేపు నిలవగలిగితేనే తర్వాతి మెట్టు. బీపీ, గ్లాకోమా (కంటి జబ్బు), మెడ నొప్పి ఉన్నవాళ్ళకి అసలు లేదు. ఇదంతా అయ్యాక మా క్లాసులో శీర్షాసనం చేసేవాళ్ళు కొద్దిమందే మిగిలారు, అయినా క్లాసుకి ఏం నష్టం రాలా.

బ్యాలెన్స్ ఆసనాలకి నాదొక్కటే పద్ధతి, మనం వాళ్ళని పట్టుకోకూడదు, వాళ్ళు మనల్ని పట్టుకోవాలి. వృక్షాసనంలో ఊగుతుంటే పక్కకి వెళ్ళి ముంజెయ్యి అడ్డంగా చాపి నిలబడతా. కావాలంటే పట్టుకుంటారు, వద్దంటే వదిలేస్తారు. ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నది వాళ్ళ చేతుల్లోనే ఉంటది. ఆడవాళ్ళకి కూడా దీనితో ఇబ్బంది రాలా, ఎందుకంటే పట్టుకునేదీ వదిలేదీ వాళ్ళే.

ఇంకోటి, తోసే బదులు తోయించుకోవడం. భుజంగాసనంలో ఛాతీ ఎత్తమని లాగక్కర్లా, తల పైన బెత్తెడు ఎత్తులో అరచెయ్యి పెట్టి "నా చెయ్యి అందుకో" అంటే వెన్ను దానంతటదే సాగుద్ది. అధోముఖ శ్వానాసనంలో (చేతులు, పాదాలు నేల మీద ఉంచి నడుం పైకి ఎత్తేది) చాలామంది టీచర్లు వెనక నుంచి నడుం పట్టుకుని లాగుతారు, చూసేవాళ్ళకీ బాగోదు, చేసేవాళ్ళకీ బాగోదు. మోకాళ్ళు కొంచెం వంచమంటే చాలు, వీపు అదే సర్దుకుంటది.

నాజ్_సెంటర్ (గుంటూరు)

ఈ పోస్ట్ ఒక్కటి ప్రింట్ తీసి మా సెంటర్ గోడకి అతికించాలి.

పటమట_టీచర్ (విజయవాడ)

వాళ్ళు మనల్ని పట్టుకోవాలి అన్నది నాకు తట్టనే లేదండీ, రేపే మొదలెడతా. కానీ ఎవరికైనా చెయ్యి వేయాల్సి వచ్చినప్పుడు అడగడం ఎలా? ఇరవై మంది ముందు "ముట్టుకోవచ్చా అండీ" అంటే ఎవరు వద్దంటారు చెప్పండి. మనవాళ్ళకి టీచర్ మొహం మీద వద్దు అనడం అలవాటే లేదు, నవ్వి తలూపుతారు, ఒళ్ళు మాత్రం గట్టిగా అయిపోతుంది.

మంగళగిరి_మ్యాట్

క్లాస్ మొదట్లో అందరినీ బాలాసనంలో ఉంచి, నుదురు నేలకి ఆనించాక అడగండి. ఒకళ్ళది ఒకళ్ళకి కనపడదు. చెయ్యి వేసి సరిచేస్తే బాగుంటుంది అనుకునేవాళ్ళు ఒక చెయ్యి వెనక్కి నడుం మీద పెట్టండి అని చెప్పండి. కొన్ని స్టూడియోల్లో రెండు వైపులా రెండు రంగులున్న బిళ్ళలు మ్యాట్ దగ్గర పెడతారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిప్పుకోవచ్చు.

లబ్బీపేట_కాలవగట్టు (విజయవాడ)

ఒక్కటి మాత్రం చూసుకోండి. "వద్దనేవాళ్ళు చెప్పండి" అనొద్దు, "కావాలనేవాళ్ళు చెప్పండి" అనండి. వద్దు అని చెప్పాల్సి వస్తే నాలాంటివాళ్ళు చచ్చినా చెప్పరు. ఏమీ చెప్పకపోతే ముట్టుకోరు అని తెలిస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. బిళ్ళల సంగతి నాకు అంత నచ్చలా, అపార్ట్‌మెంట్‌లో ఎవరు ఏ రంగు పెట్టారో లిఫ్ట్ దిగేలోపు అందరికీ తెలిసిపోద్ది, "ఏంటి అమ్మాయ్, మేడం అంటే ఇష్టం లేదా" అని మొదలెడతారు. బాలాసనం ఐడియా బెటర్.

వన్‌టౌన్_వాకర్ (విజయవాడ)

నేనొకటి గమనించా. మా బ్యాచ్‌లో ప్రతి ఏడాదీ భవానీ దీక్ష తీసుకునేవాళ్ళు ఉంటారు, ఎర్ర బట్టలతోనే క్లాసుకొస్తారు. ఆ రోజుల్లో మా సార్ వాళ్ళ మీద చెయ్యి వెయ్యరు, దూరం నుంచే "భవానీ, కుడి మోకాలు ముందుకి" అని చెప్తారు, వాళ్ళు చక్కగా చేస్తారు. అయ్యప్ప మాల వేసినవాళ్ళకీ అంతే. ఎవరూ కారణం అడగరు, ఎవరూ ఫీల్ అవ్వరు, ఆసనం పాడయిందనీ ఎవరూ అన్లా. మరి దీక్ష లేనివాళ్ళకి మాత్రం చెయ్యి వేయకపోతే విద్య సగం పోద్దా మాస్టారూ? నిజంగానే అడుగుతున్నా.

సత్యనారాయణపురం_మాస్టారు (విజయవాడ)

ఈ పాయింటుకి నా దగ్గర జవాబు లేదు నాయనా. మా క్లాసులోనూ భవానీలకి నోటితోనే చెప్తాను. 😀

అయితే నోటితో చెప్పడం కూడా విద్యే, అది ఇప్పటి ట్రైనింగుల్లో నేర్పరు. "రిలాక్స్ అవ్వండి, ఓపెన్ అవ్వండి" అంటూ ఉంటారు, దేన్ని ఓపెన్ చెయ్యాలి? ఒకసారికి ఒకే మాట, ఒకే అవయవం, ఎటు కదలాలో స్పష్టంగా. "ఎడమ మడమ నేలకి నొక్కు." అంతే. అది అయ్యాక రెండోది. మనం చేసి చూపిస్తూ చెప్పడం వేరు, ఆగి చూసి చెప్పడం వేరు. టీచర్ తన సాధన తను చేసుకుంటూ క్లాసు చెప్తే ఎవరికి ఏం తప్పు వస్తోందో కనపడదు. 2025 యోగాంధ్రలో విశాఖ బీచ్ రోడ్డులో లక్షలమంది చేశారు, ఎవరు ఎవర్ని ముట్టుకున్నారు? అయితే అక్కడ ఎవరు తప్పు చేస్తున్నారో చూసే కన్ను కూడా లేదు. పది ఇరవై మంది ఉన్న క్లాసులో ఆ కన్ను ఉండాలి అంటాను.

బ్రాడీపేట_ఫిజియో (గుంటూరు)

మాస్టారూ, కన్ను గురించి అన్నారు కాబట్టి ఒక చిన్న మాట కలుపుతా. చెయ్యి వేసేముందు "ఎక్కడ తెలుస్తోంది?" అని అడగండి. లాగుతున్నట్టుంది అంటే అది కండరం, టైమిస్తే సాగుద్ది. గజ్జ మూల దగ్గర ఏదో అడ్డం తగులుతోంది, నొక్కుకుంటోంది అంటే ఎముక ఎముకకి ఆనుతోందేమో అని అనుమానించాలి. తుంటి గిన్నె లోతు, తొడ ఎముక మెడ కోణం మనిషికీ మనిషికీ తేడా ఉంటాయి. కొంతమంది జన్మలో పద్మాసనం వెయ్యలేరు, వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళ మోకాలు పట్టుకుని కిందకి నొక్కితే తుంటి తిరగదు, ఆ మెలి మొత్తం మోకాలి మీద పడుద్ది. బద్ధకోణాసనంలో (అరికాళ్ళు కలిపి మోకాళ్ళు పక్కలకి వాల్చి కూర్చునేది) తొడల మీద నిలబడే టీచర్లని వీడియోల్లో చూస్తున్నా, దయచేసి వద్దు. అలాగే గర్భిణులు, కీళ్ళు మామూలుకన్నా ఎక్కువ వంగేవాళ్ళు. వీళ్ళు ఎంత నొక్కినా వంగుతారు కాబట్టి బాగా వచ్చింది అనుకుంటాం, నిజానికి ముందు ఆపాల్సింది వాళ్ళనే.

గవర్నర్‌పేట_లాయర్ (విజయవాడ)

లా సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రెండు ముక్కలు. అడ్మిషన్ ఫారం మీద "చేతితో సరిచేయడానికి అంగీకరిస్తున్నాను" అని సంతకం తీసుకున్నాం కాబట్టి ఏమీ కాదు అని కొందరు సెంటర్ల వాళ్ళు ధైర్యంగా ఉంటారు, అది భ్రమ. అప్పుడెప్పుడో పెట్టిన సంతకం ఈరోజు వద్దు అన్నదాన్ని కొట్టెయ్యలేదు. ఆడవాళ్ళ మర్యాదకి భంగం కలిగించేలా బలప్రయోగం చేస్తే వర్తించే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 74, పాత ఐపీసీ 354 స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చింది, అందులో ఉద్దేశం, లేదా దానివల్ల ఏమవుతుందో తెలిసే చేశాడా అన్నది చూస్తారు నిజమే, కానీ అది తేలేది కేసు నడిచాక. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద తెచ్చిన 2013 పోష్ చట్టం కింద పది మంది, ఆపైన పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అంతకన్నా తక్కువ ఉంటే జిల్లా లోకల్ కమిటీకి వెళ్ళొచ్చు, ఫిర్యాదు చేసే ఆవిడ అక్కడ ఉద్యోగే కానక్కర్లేదు. సమ్మర్‌లో పిల్లల బ్యాచ్ పెట్టేవాళ్ళకి మరీ జాగ్రత్త, పద్దెనిమిది లోపు వాళ్ళ విషయంలో పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) వర్తిస్తుంది. తలుపులు తీసి ఉంచండి, తల్లిదండ్రుల్ని కూర్చోనివ్వండి.

కొరిటెపాడు_కుర్రోడు (గుంటూరు)

లాయర్ గారొచ్చాక నాకు చెమటలు పట్టినయ్. చెమటంటే గుర్తొచ్చింది, మే నెలలో మన గుంటూరు ఎండకి పొద్దున ఆరింటికే ఒళ్ళు తడిసిపోద్ది, అప్పుడు టీచర్ చెయ్యి వేసి పట్టుకుంటే జారుద్ది, ఆ చెయ్యి ఎక్కడికి జారుద్దో ఎవరికి తెలుసు. దానికేం చేస్తారు?

అరండల్‌పేట_ఆరింటిబ్యాచ్ (గుంటూరు)

నవ్వులాటకి అడిగినా మంచి ప్రశ్నే. తప్పనిసరి అయితే మధ్యలో పొడి టవల్ వేసి, అరచెయ్యి మొత్తం ఆనించాలి, వేళ్ళతో పట్టుకోకూడదు. వేళ్ళ కొసలు తగిల్తే మనిషికి అదోలా ఉంటది, అరచెయ్యి పరిచి స్థిరంగా పెడితే సపోర్ట్ లాగా ఉంటది. పెట్టేముందు మన మొహం వాళ్ళకి కనపడాలి, వెనకనుంచి రాకూడదు. పెట్టింది ఎంత నెమ్మదిగా పెట్టామో తీసేది అంతకన్నా నెమ్మదిగా తియ్యాలి, ఆనుకుని ఉన్న మనిషి చెయ్యి తీసేస్తే తూలుతాడు. ఛాతీ, పొట్ట, పిరుదులు, తొడల లోపలి వైపు, గొంతు, ఇవి అడిగినా చెయ్యను. ఆడవాళ్ళకి మరీ అవసరమైతే బ్యాచ్‌లో సీనియర్ అక్కని పిలిచి చేయిస్తా, ఆవిడ కూడా అడిగే చేస్తుంది, ఆడవాళ్ళయితే అడగక్కర్లేదు అనేం లేదు కదా.

పటమట_టీచర్ (విజయవాడ)

అందరికీ చాలా థ్యాంక్సండీ. ఈ వారం ఇలా చూస్తా, బాలాసనంలో అడగడం, కావాలన్నవాళ్ళకే, అదీ ఆ రోజుకే. ముందుకు వంగేవాటిలో చెయ్యి పూర్తిగా బంద్. "యూట్యూబ్ చాలదా" అన్నావిడ దగ్గరికి మాత్రం క్లాసులో ఎక్కువసార్లు వెళ్ళి పేరు పెట్టి చెప్తా, ఆవిడకి కావాల్సింది చెయ్యి కాదేమో, ఎవరో ఒకరు తనని చూస్తున్నారని అనిపించాలి అంతే అనుకుంటున్నా. ఒక్క డౌట్ మిగిలింది, ఉష్ట్రాసనంలో వెనక్కి వంగేటప్పుడు భయపడి "మేడం పట్టుకోండి" అని అరుస్తారు, అప్పుడు?

బ్రాడీపేట_ఫిజియో (గుంటూరు)

గోడకి ఎదురుగా మోకాళ్ళ మీద నిలబెట్టి తొడలు గోడకి ఆనించమనండి, చేతులు వెనక నడుం మీదే ఉంచి ఛాతీ పైకి ఎత్తితే చాలు, మడమలు అందుకోనక్కర్లేదు. గోడ ముందుంటే వెనక్కి పడతామనే భయం చాలావరకు పోద్ది. ఇంకా భయపడితే ఇటు తిప్పి నిలబెట్టి, వెనకాల కుర్చీ వేసి సీటు మీద చేతులు పెట్టించండి, అప్పుడు కుర్చీ గోడకి ఆనించి ఉండాలి, లేకపోతే జారుద్ది.

భవానీపురం_అత్తయ్య (విజయవాడ)

అమ్మాయ్, ఆదివారం కూడా క్లాసుందా? మా వియ్యపురాలు వచ్చింది, షుగరుంది, మోకాళ్ళు వంగవు, కింద కూర్చుంటే లేవలేదు. తీసుకొస్తే కుర్చీ మీద చేయిస్తావా?

పటమట_టీచర్ (విజయవాడ)

ఆదివారం లేదండీ, సోమవారం పొద్దున తీసుకురండి. ఫ్లాట్ కుర్చీలు నా దగ్గర ఉన్నాయి, చేతులు లేనివి. మందులు వేసుకున్నాక ఏదైనా కాస్త తినిపించి తీసుకురండి, షుగర్ చూసుకునే మిషన్ ఉంటే అది కూడా.